అట్టతో గిటారు చేసిన వడ్రంగి

స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో సంగీత వాద్యాల మ్యూజియం ఒకటుంది. అక్కడున్న గిటార్లలో 1862లో తయారైనది ఒకటి పైకి మామూలుగానే కనిపిస్తుంది గాని దాని సంగతి వేరు. ముందువైపు పలక ఒక్కటే కొయ్య. వెనక పలకా, నడుము చుట్టూ తిరిగే పక్కలూ కాగితపు అట్ట! మన ఇళ్ళల్లో అమ్మమ్మలు పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి బుట్టలు చేసేవారు చూడండి, దాదాపు ఆ జాతి సరుకే. దాన్ని చేసినాయన పిచ్చివాడూ కాదు, ఆకతాయీ కాదు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల క్లాసికల్ గిటారు కనిపించినా దాని ఒడ్డూ పొడుగూ, కడుపులోని అమరికా ఆయన పెట్టిన ఒరవడే అంటే అతిశయోక్తి కాదు. ఆయన పేరు ఆంటోనియో ద టోర్రెస్. వృత్తి వడ్రంగం.

జీవిత చరిత్ర రాస్తానని ఒప్పుకున్నప్పుడు ఏ నాయకుడి గురించో, ఏ శాస్త్రవేత్త గురించో రాస్తానని మా మిత్రులు అనుకున్నారు. ఫిజిక్సు చదివేవాడికి గిటారుతో ఏం పని అని ఒకరిద్దరు నవ్వారు కూడా. కాని ల్యాబులో సోనోమీటరు ముందు కూచున్న ప్రతివాడూ ఒక సంగతి గమనించే ఉంటాడు. తీగ ఒక్కటే మోగితే పక్క బెంచీకి కూడా వినపడదు. కింద ఉన్న కొయ్య పెట్టె అందుకుంటేనే శబ్దం. మరి ఆ పెట్టెలో ఏ భాగం ఎక్కువ అందుకుంటుంది? ఈ ప్రశ్నకు టోర్రెస్ గారు పాఠ్యపుస్తకం లేకుండా, చిత్రికతో, ఉలితో జవాబు వెతికారు. పైగా నేను రైతు ఇంట పుట్టినవాణ్ణి. నాగలి చెక్కిన చేతిని, బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించిన చేతిని చిన్నప్పుడు దగ్గర నిలబడి చూసినవాణ్ణి. అంచేత వడ్రంగి కథ నాకు పరాయి కథ అనిపించలేదు.

టోర్రెస్ 1817 జూన్ 13న దక్షిణ స్పెయిన్‌లో అల్మేరియా పట్టణం పక్కనున్న లా కన్యాద అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి పన్నులు వసూలు చేసే చిన్న ఉద్యోగి. పన్నెండో ఏట పిల్లవాణ్ణి వడ్రంగి దగ్గర పనికి పెట్టారు. 1833లో రాజుగారు పోయారు. పసిపిల్ల రాణికా, ఆ పిల్ల పినతండ్రికా సింహాసనం అని దేశం రెండుగా చీలి యుద్ధానికి దిగింది. కుర్రవాళ్ళను సైన్యానికి పట్టుకుపోతున్నారు. టోర్రెస్‌నూ తీసుకున్నారు. తండ్రి ఏవో తంటాలుపడి, ఆరోగ్యం చాలదనిపించి బయటికి తెచ్చుకున్నాడు. పెళ్ళికాని వాళ్ళకే గదా సైన్యం గొడవ అని, 1835లో హడావుడిగా పెళ్ళి చేశారు. వరుడికి పద్దెనిమిది, వధువు హువానా మారియాకు పదమూడు. ఆమె ఒక దుకాణదారు కూతురు.

ఆ సంసారం సుఖపడలేదు. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు, ఇద్దరు పసితనంలోనే పోయారు. 1845లో ఇరవైమూడేళ్ళ భార్య క్షయతో కన్నుమూసింది. చేతిలో పనుంది గాని పని చాలినంత డబ్బు లేదు, అప్పులు మాత్రం ఉన్నాయి. చిన్న పట్టణంలో తలుపులూ బల్లలూ చేస్తే ఎన్ని అప్పులు తీరతాయి? ఆ రోజుల్లో పెద్ద ఊరంటే సెవిల్. అక్కడికి చేరాడు.

సెవిల్‌లో గిటార్లు చేసే కొట్లు వీధికొకటి అన్నట్టు ఉండేవి. అప్పటి గిటారు ఇప్పటిదానికంటే చిన్నది, సన్నటి నడుముది, గొంతు కూడా అంతంత మాత్రం. ఇంట్లో పాటకు సరిపోయేది, నలుగురు కూచున్న చావడిలో మాట్లాడుకునే మాటల్లో కలిసిపోయేది. టోర్రెస్ 1840లలోనే కొన్ని వాద్యాలు చేసినా, అదే బతుకుతెరువుగా పట్టుకున్నది 1850ల్లో. దానికి కారణం హూలియన్ ఆర్కాస్ అనే విద్వాంసుడు. ఆయన సభల్లో వాయించేవాడు. వెనక వరసవాడికి వినపడని వాద్యంతో ఆయన బాధ ఆయనది. వాయించేవాడి అవసరమూ, చేసేవాడి చెయ్యీ ఒకచోట కలిశాయి.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పక తప్పదు, విసుక్కోకండి. పలకను తీగ కదిలించాలంటే పలక తేలికగా ఉండాలి. తేలిక చేయాలంటే పలచన చేయాలి. కాని పలక మందాన్ని సగం చేస్తే బరువు సగమే తగ్గుతుంది, బిగువు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎందుకంటే బిగువు మందం ఘనంతో మారుతుంది. గిటారు తీగలన్నీ కలిపి సుమారు 40 కిలోల బలంతో ఆ పలకను లాగుతూ ఉంటాయి. రెండు, రెండున్నర మిల్లీమీటర్ల దేవదారు జాతి చెక్క అంత లాగుడుకు రాత్రీ పగలూ నిలబడాలి! మందం పెంచితే నిలబడుతుంది, మోగదు. పలచన చేస్తే మోగుతుంది, నిలబడదు.

దీనికి టోర్రెస్ పట్టుకున్న మార్గం లోపలి సన్నటి కర్రలు. పలక అడుగున, రంధ్రానికి కింద, ఏడు బద్దలు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. చివర రెండు బద్దలు వాటిని మూస్తాయి. మొత్తం గీత గీసి చూస్తే గాలిపటం ఆకారం. రెండు సమద్విబాహు త్రిభుజాలు భూమి దగ్గర అతికినట్టు ఉంటుంది. ఈ విసనకర్ర పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. అంతకుముందే స్పెయిన్‌లో కొందరు వాడారు. కాని ఎన్ని బద్దలు, ఏ కోణంలో, ఎంత సన్నగా అన్నది తేల్చినవాడు ఆయన. దానితోపాటు గిటారు పొట్ట పెద్దది చేశాడు, పలకను రెండు వైపులా అతి కొద్దిగా ఉబ్బెత్తుగా వంచాడు. మోగే తీగ పొడవు 650 మిల్లీమీటర్ల దగ్గర స్థిరపడింది. ఇవాళ మ్యూజిక్ షాపులో టేపు పట్టుకుని కొలవండి, చాలా క్లాసికల్ గిటార్లకు అదే అంకె వస్తుంది.

1856లో చేసిన ఒక గిటారుకు ఆడసింహం అనే అర్థంలో లా లెయోనా అని పేరు పడింది. 1858లో సెవిల్ ప్రదర్శనలో ఆయన పనికి కంచు పతకం ఇచ్చారు. నాలుగేళ్ళకు అట్ట గిటారు వచ్చింది. వెనకా పక్కలా ఎంత ఖరీదైన కొయ్య వేశామన్నది రెండో సంగతి, గొంతు పుట్టేది ముందు పలకలోనే అని రుజువు చేయడానికే దాన్ని చేశాడని చెబుతారు. ఒక్క అంశాన్ని మార్చి మిగతావి అలాగే ఉంచి చూడమని మనకు ప్రాక్టికల్సులో చెప్పేదీ ఇదే గదా! పక్కలూ వెనకా అసలు లెక్కలోకి రావని నేననను, లోపలి గాలి కూడా మోగుతుంది, దాని వంతు దానిది. కాని తూకం ఎటువైపు మొగ్గిందో ఆయన చూపించాడు. అట్ట మాత్రం కొయ్యంత కాలం ఆగలేదు. ఒకప్పుడు వాయించే స్థితిలో ఉండేదట ఆ వాద్యం, ఆ తరవాత పాడై మూగబోయింది.

1869లో సెవిల్ కొట్టుకు ఒక కుర్రవాడు వచ్చాడు. పేరు ఫ్రాన్సిస్కో తారెగా, వయసు పదిహేడు లోపే. వెంట గిటారు కొనిపెట్టడానికి వచ్చిన ఒక వర్తకుడు. ఈ తారెగా కథా కొంచెం చెప్పాలి. చిన్నతనంలో పంట కాలువలో పడి కళ్ళు దెబ్బతిన్నాయి. చూపు పూర్తిగా పోతే సంగీతమైనా అన్నం పెడుతుందని తండ్రి ఊరు మార్చి మరీ పాఠాలు చెప్పించాడు. మొదట నేర్పిన గురువులు ఇద్దరూ అంధులే. కాలువ గట్టు మీద పెరిగిన నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మా వైపు వర్షాకాలంలో పిల్లల్ని కాలువ దగ్గరికి వెళ్ళనీకుండా ముసలమ్మలు కాపలా కాసేది ఊరికే కాదు.

టోర్రెస్ ఆ కుర్రవాడికి కొట్లో ఉన్న ఓ మోస్తరు గిటారు ఇచ్చి వాయించమన్నాడు. విన్నాడు. విని లోపలికి వెళ్ళి, అంతకు ఐదేళ్ళ ముందు, 1864లో, తనకోసం చేసుకుని దాచుకున్న గిటారు తెచ్చి చేతికిచ్చాడు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. తనకని దాచుకున్న విత్తనం ఎవరికైనా రైతు ఊరికే తీసి ఇవ్వడు. ఇచ్చాడంటే ఆ పొలం చూసి ఇచ్చాడన్నమాట.

తారెగా ఆ గిటారును సుమారు ఇరవయ్యేళ్ళు వాయించాడు. క్లాసికల్ గిటారును కూచుని పట్టుకునే పద్ధతీ, చేతి వేళ్ళ పద్ధతీ ఆయన చేతిలోనే ఒక రూపానికి వచ్చాయంటారు. మనవాళ్ళలో ఆయన పేరు వినని వాళ్ళు చాలామంది ఉంటారు గాని, ఆయన స్వరం విననివాళ్ళు తక్కువ. నోకియా ఫోను మోగగానే వినపడే ఆ ముక్క, 1902 నాటి ఆయన గ్రాన్ వాల్స్‌లోది. మా నాన్నగారి మొదటి ఫోను అదే. మోటారు షెడ్డులో అది మోగితే పక్క చేలో ఉన్నవాళ్ళు కూడా తమదేమోనని జేబులు తడుముకునేవారు.

సరే, టోర్రెస్ సంగతికి వద్దాం. పేరొచ్చింది, పతకమొచ్చింది, ఆర్కాస్ వంటి వాళ్ళ చేతిలో ఆయన వాద్యాలు దేశమంతా తిరిగాయి. డబ్బు మాత్రం రాలేదు. 1868లో హోసెఫా మార్తీన్ అనే ఆమెను మళ్ళీ పెళ్ళాడాడు. 1870 ప్రాంతంలో సెవిల్ కొట్టు మూసేసి సొంత ఊరు అల్మేరియాకు వెళ్ళిపోయి, భార్యాభర్తలిద్దరూ కాల్యె రియాల్ అనే వీధిలో పింగాణీ, గాజు సామాన్ల దుకాణం పెట్టుకున్నారు. దేశంలో అంతటి పనివాడు లేడనిపించుకున్న మనిషి యాభై మూడో ఏట కప్పులూ సాసర్లూ అమ్ముతూ కూచున్నాడు! తప్పెవరిది అని అడిగితే జవాబు లేదు. పంట బాగా పండిన ఏడు ధర పడిపోయిన రైతును అడిగినా ఇంతే.

ఐదేళ్ళు గడిచాక చెయ్యి ఊరుకోలేదు కాబోలు, దుకాణం పని లేని వేళల్లో మళ్ళీ గిటార్లు మొదలుపెట్టాడు. వాటి లోపల అతికించిన చీటీల మీద రెండో దశ అని తనే అచ్చు వేయించుకున్నాడు. 1883లో హోసెఫా పోయింది. అప్పటినుంచి పూర్తిగా కొయ్యపనే. ఏడాదికి డజను దాకా చేసేవాడట. అందరికీ ఒకే రకం చేయలేదు. డబ్బున్నవాడికి రోజ్‌వుడ్, లేనివాడికి సైప్రస్. చిన్న ముక్కలు అతికి పలకలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. చవక గిటారులో కూడా ముందు పలక దగ్గర మాత్రం రాజీ పడలేదు, అది అట్ట గిటారు పాఠమే.

అల్మేరియాలో ఆయన ఇరుగుపొరుగున ఉండి చనువుగా మెలిగిన హువాన్ మార్తీనెజ్ సిర్వెంత్ అనే మతగురువు, ఎన్నో ఏళ్ళ తరవాత 1931లో, ఒక ఉత్తరంలో కొన్ని జ్ఞాపకాలు రాశాడు. లోపలి బద్దలు అతికే వేళకు టోర్రెస్ తలుపు గడియ వేసుకునేవాడట. ఎంత దగ్గరివాళ్ళకూ ప్రవేశం లేదు. ఒకసారి భోజనాల దగ్గర ఎవరో, ఆ రహస్యం మీతోనే పోవడం న్యాయం కాదు, లోకానికి చెప్పి వెళ్ళండి అని బతిమాలారు. ఆయన నవ్వి, చెప్పాలని ఉన్నా చెప్పలేనన్నాడు. తన రహస్యం బొటనవేలు, చూపుడువేలు కొసల్లో ఉందని, పలక సరిగ్గా ఉందో లేదో ఆ రెండు వేళ్ళే తనకు చెబుతాయని జవాబిచ్చాడట. ఇది తప్పించుకునే జవాబని కొందరంటారు. నాకలా అనిపించదు. మా అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూసి తీసుకుంటుంది. ఎలా తెలిసిందమ్మా అంటే, తెలుస్తుందిరా అంటుంది. అంతకుమించి ఆమె దగ్గర జవాబు లేదు. కాని కొన్న కుండ కారదు.

1892 నవంబరు 19న, డెబ్బై ఐదో ఏట, టోర్రెస్ అల్మేరియాలో పోయాడు.

మనిషి కథ అయింది గాని వాద్యాల కథ అవలేదు. వాయించే గిటారు అరుగుతుంది. మోగడానికని పలచన చేసిన పలక, ఆ పలచదనం వల్లే కాలక్రమాన కుంగుతుంది. గాలిలో తేమ తగ్గితే కొయ్య అడ్డంగా ముడుచుకుంటుంది, అంచులు కదలనివ్వవు, అంచేత రేకు చీలినట్టు గింజ వెంబడి చీలుతుంది. ఎండాకాలం మన ఇళ్ళ తలుపుల్లో సందులు పడి, వానాకాలం అవే తలుపులు బిగుసుకోవడం ఇదే సూత్రం. లోపలి బద్ద ఒకటి ఊడితే ఎక్కడో ఈగ వాలినట్టు ఒక రొద. తీగలు ముడివేసే బ్రిడ్జి 40 కిలోల లాగుడుకు వెనకనుంచి లేస్తుంది. మెట్లు వేళ్ళ కింద గాడులు పడతాయి.

మా హాస్టల్లో ఒక సీనియరు దగ్గర పాత గిటారు ఉండేది. వేసవిలో మేడ మీది గదిలో తీగలు సడలించకుండా వదిలి ఊరెళ్ళాడు. వచ్చేసరికి బ్రిడ్జి లేచి ఉంది. బజారులో ఎవరో రెండు మరలు బిగించి, చుట్టూ గట్టి జిగురు పోసి ఇచ్చారు. ఊడలేదు గాని, గొంతులో బట్ట కుక్కినట్టయింది. కదలాల్సిన చోట ఇనుమూ బరువూ పెడితే అంతే మరి.

పాత పనివాళ్ళు గిటారు అతికింది పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురుతో. దాని గొప్పతనమేమిటంటే వేడీ తడీ తగిలితే వదులుతుంది. అంటే ఎప్పుడో ఒకనాడు దీన్ని ఎవరో విప్పుతాడు, బాగు చేస్తాడు, మళ్ళీ మూస్తాడు అన్నది ఆ జిగురులోనే ఉంది. మంచి మరమ్మతుదారు రంధ్రంలోంచి చిన్న అద్దమూ దీపమూ పెట్టి చూస్తాడు. చీలికను రెండువైపుల నుంచీ దగ్గరికి తెచ్చి అతికి, అడుగున గోరంత చెక్క బిళ్ళలు గింజకు అడ్డంగా అంటిస్తాడు. ఊడిన బద్దను పాతదే మళ్ళీ అతుకుతాడు గాని కొత్తది వేయడు. పైన మెరుపు పోతే లక్క కరిగించిన స్పిరిట్ గుడ్డతో వందలసార్లు రుద్దుతాడు. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశపు అడవుల్లో పురుగులు పెట్టినదే.

చెడ్డ మరమ్మతు కథలూ తక్కువేం కాదు. పాత గిటారు పలకను ఇంకా మోగుతుందని మళ్ళీ చిత్రిక పట్టినవాళ్ళున్నారు, బద్దలు పీకి తమకు నచ్చిన అమరిక పెట్టినవాళ్ళున్నారు. ఒకసారి గీకిన కొయ్య తిరిగి రాదు. తారెగా ప్రాణప్రదంగా చూసుకున్న 1864 గిటారు కూడా వాయించి వాయించి అలసిపోయింది. ఆయన తరవాత టోర్రెస్ చేసినవే వేరే గిటార్లు పట్టుకున్నాడు. 1906లో కుడివైపు పక్షవాతం వచ్చింది, 1909లో పోయాడు. ఆయన శిష్యులలో లెక్కించే మిగెల్ యొబెత్ చేతికి టోర్రెస్ 1859లో చేసిన గిటారు వచ్చింది. ఆయన దాన్ని సముద్రాలు దాటించి ఊరూరా వినిపించాడు. ఇప్పుడది బార్సిలోనా మ్యూజియంలోనే, అట్ట గిటారుకు పొరుగున ఉంది.

ఇన్ని చేతులు మారిన ఈ వాద్యాల లోపలికి తొంగి చూసి లెక్క రాసినవాడు ఇంకో వడ్రంగి. హోసె లూయిస్ రొమానియోస్ స్పెయిన్‌లో పుట్టి, 1956లో ఇంగ్లండు చేరి, బల్లలూ బీరువాలూ చేసే చేత్తో గిటార్లు మొదలుపెట్టాడు. పేరుమోసిన విద్వాంసుడు జూలియన్ బ్రీమ్ 1973లో ఆయన చేసిన గిటారు వాయించాడు. టోర్రెస్ వాద్యాలను ఎక్కడెక్కడో వెతికి, పలక మందాలు చోటు చోటునా కొలిచి, అల్మేరియాలో పాత దస్తావేజులు తిరగేసి, 1987లో పుస్తకం వేశాడు. పెళ్ళి, అప్పులు, పింగాణీ కొట్టు మనకీనాడు తెలుస్తున్నాయంటే ఆ శ్రమ వల్లే. రొమానియోస్ 2022లో పోయాడు.

ఆ కొలతలు దగ్గర పెట్టుకుని టోర్రెస్ నమూనాలు చేసేవాళ్ళు ఇప్పుడు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. మా ల్యాబులో స్క్రూగేజీ మిల్లీమీటరులో నూరో వంతు చూపిస్తుంది, వాళ్ళ దగ్గర అంతకంటే మంచివే ఉంటాయి. అయినా ఒకే మందం పెట్టిన రెండు పలకలు ఒకలా వంగవు. ఏ చెట్టు బిగువు ఆ చెట్టుది. అందుకని కొలవడం అయ్యాక వాళ్ళు కూడా గేజీ పక్కన పెట్టి, పలక రెండంచులూ పట్టుకుని, కాస్త వంచి చూసి, మరో రెండు పొరలు తీయాలా వద్దా అని ఆలోచిస్తారు.